కసి ఎక్కడ పుడుతుంది? పరుగు పందెంలో మనసు, రక్తం, తిండి

వార్షికోత్సవం దగ్గర పడిందంటే మన హాస్టల్ గ్రౌండ్‌కి కళ వస్తుంది. సున్నంతో గీతలు గీస్తారు. పి.ఇ.టి. సారు విజిల్ తెల్లవారుజామునే మొదలవుతుంది. పందెం అయిపోయాక గట్టు మీద కూర్చున్న వాళ్లు చెప్పే తీర్పులు రెండే. గెలిచిన వాడిని చూపించి "వాడికి కసి ఉందిరా" అంటారు. మూడో రౌండులో పొట్ట పట్టుకుని పక్కకు తప్పుకున్న వాడిని "కసి లేదు, అందుకే వదిలేశాడు" అంటారు. పరీక్ష తప్పిన వాళ్ల మీదా ఇదే తీర్పు.

ఇంతకీ ఈ కసి అంటే ఏమిటి? మనసులో ఉంటుందా, ఒంట్లో ఉంటుందా? పుట్టుకతో వస్తుందా, పళ్లెంలోంచి వస్తుందా? మనిషి శక్తికి హద్దు ఎక్కడుందో శాస్త్రజ్ఞులు నూరేళ్లుగా వెతుకుతున్నారు. వాళ్లు కనుక్కున్న వాటిలో హాస్టల్ పిల్లలకు పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి. వాటిని ఒక గొప్ప పరుగువీరుడి ఉదాహరణతో వివరించే ప్రయత్నం చేస్తాం.

రెండు గంటల గోడ

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్ల పరుగు. దాన్ని రెండు గంటల లోపు ముగించడం మనిషికి సాధ్యమా అని ఎన్నో ఏళ్లు చర్చ జరిగింది. కెన్యా దేశస్థుడు ఎలియుడ్ కిప్చోగే 2017 మే 6న ఇటలీలోని మోంజాలో ప్రయత్నించాడు. 2 గంటల 25 సెకన్లు పట్టింది. కేవలం 25 సెకన్ల తేడా. మళ్లీ 2019 అక్టోబరు 12న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పరుగెత్తాడు. ఈసారి 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో ముగించాడు. వంతులవారీగా పక్కన పరుగెత్తే సహాయకులు ఉండటం వంటి కారణాల వల్ల దాన్ని అధికారిక రికార్డుగా లెక్కించలేదు. అయినా మనిషి కాళ్లు అంత దూరాన్ని అంత సమయంలో దాటాయన్నది నిజం.

ఆ వేగం ఎంతో తెలియాలంటే మన గ్రౌండ్‌లో 100 మీటర్లు 17 సెకన్లలో పరుగెత్తి చూడండి. మనలో చాలామందికి అది గట్టి పరుగే. కిప్చోగే అదే వేగంతో, ఆగకుండా, అలాంటి వంద మీటర్లు 422 సార్లు పరుగెత్తాడు. పైగా చివరి కిలోమీటర్లలో నవ్వుతూ కనిపించాడు.

పొయ్యి, పుల్లలు, దుంగ

కండరం కదలాలంటే ఎ.టి.పి. అనే రసాయనం కావాలి. కండలో నిల్వ ఉండే ఎ.టి.పి. రెండు మూడు సెకన్లకే సరిపోతుంది. అందుకని శరీరం దాన్ని ఎప్పటికప్పుడు తయారు చేసుకుంటూ ఉండాలి. ఇందుకు మూడు దారులున్నాయి. కట్టెల పొయ్యితో పోల్చుకుంటే సులువుగా అర్థమవుతుంది.

మొదటిది అగ్గిపుల్ల లాంటిది. దాని పేరు ఫాస్ఫోక్రియాటిన్. భగ్గున మండి సుమారు పది సెకన్లలో తగ్గిపోతుంది. వంద మీటర్ల పందెం ఎక్కువగా దీని మీదే నడుస్తుంది. రెండోది ఎండు పుల్లల లాంటిది. మనం తిన్న అన్నం, రొట్టె, సంకటి గ్లూకోజ్‌గా మారి కండల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. మూడోది దుంగ లాంటిది. అదే కొవ్వు. ఎంతసేపైనా మండుతుంది గానీ నెమ్మదిగా అంటుకుంటుంది, మంట ఎక్కువ రాదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. బాగా తిని, శిక్షణ పొందిన మనిషి కండల్లో సుమారు 400 గ్రాములు, కాలేయంలో సుమారు 100 గ్రాముల గ్లైకోజెన్ ఉంటుంది. గ్రాముకు 4 కిలోక్యాలరీల చొప్పున మొత్తం 2000. పరుగులో కిలో బరువుకు, కిలోమీటరుకు దాదాపు ఒక కిలోక్యాలరీ ఖర్చవుతుంది. 55 కిలోల మనిషి మారథాన్ పూర్తి చేయడానికి సుమారు 2300 కావాలి. అంటే చేరవలసిన చోటు ఇంకా ఉండగానే పుల్లలు అయిపోయే ప్రమాదం ఉంది. మారథాన్ పరుగెత్తేవాళ్లు 30, 35 కిలోమీటర్ల దగ్గర "గోడకు గుద్దుకున్నట్టయింది" అంటారు. ఆ గోడ ఇదే. ఒంట్లో కొవ్వు రూపంలో 30 వేల కిలోక్యాలరీలకు పైగా మిగిలే ఉంటాయి. కానీ ఆ దుంగ మంటతో ఆ వేగాన్ని నిలబెట్టడం కుదరదు. అందుకే కిప్చోగేకు వియన్నాలో దారి పొడవునా గ్లూకోజ్ పానీయాలు అందించారు.

లాక్టిక్ యాసిడ్ మీద పడిన నింద

కాళ్లు బరువెక్కితే "లాక్టిక్ యాసిడ్ చేరింది" అనడం మనకు అలవాటు. ఈ ఆలోచనకు పెద్ద చరిత్రే ఉంది. కండరాల మీద చేసిన పరిశోధనలకు ఎ.వి. హిల్, ఆటో మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తరువాత చాలా కాలం లాక్టిక్ యాసిడ్‌నే దోషిగా చూశారు. అయితే అమెరికాలోని బర్కిలీలో జార్జ్ బ్రూక్స్ 1980ల నుంచి చేసిన పరిశోధనలు వేరే సంగతి చెప్పాయి. లాక్టేట్ వట్టి చెత్త కాదని, ఒక కండలో తయారై రక్తం ద్వారా గుండెకు, మిగతా కండలకు చేరి అక్కడ ఇంధనంగా ఉపయోగపడుతుందని ఆయన చూపించారు. పందెం అయిన గంటలోపే రక్తంలో లాక్టేట్ దాదాపు మామూలు స్థాయికి వస్తుంది. కాబట్టి మరునాడు తొడలు పట్టేయడానికి అది కారణం కాదు. అలవాటు లేని శ్రమ వల్ల కండ పోగుల్లో ఏర్పడే సూక్ష్మమైన గాయాలే ఆ నొప్పికి ముఖ్య కారణం.

"ఇక నా వల్ల కాదు" అని చెప్పేది ఎవరు?

మరి మనిషిని ఆపేది ఏది? బ్రిటన్‌లోని బాంగర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన సామ్యుయెల్ మార్కోరా, తన సహచరుడితో కలిసి 2010లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. పదిమంది రగ్బీ ఆటగాళ్లను కదలని సైకిల్ మీద కూర్చోబెట్టి, సుమారు 240 వాట్ల శక్తితో ఇక తొక్కలేమనేంత వరకు తొక్కమన్నారు. సగటున పది నిమిషాలకు వాళ్లు చేతులెత్తేశారు. ఆ వెంటనే, విశ్రాంతి ఇవ్వకుండా, "ఐదు సెకన్లు మాత్రం ఉన్న బలమంతా పెట్టి తొక్కండి" అన్నారు. అప్పుడు వచ్చిన శక్తి సుమారు 730 వాట్లు. కండల్లో ఏమీ మిగల్లేదన్న మనుషులు, మూడు రెట్లు శక్తి చూపించారన్నమాట.

దీన్ని బట్టి మార్కోరా చెప్పేదేమిటంటే, మనిషి ఆగిపోయేది చాలాసార్లు కండ పూర్తిగా ఉడిగిపోయినందువల్ల కాదు. "ఇంత కష్టం ఇక చాలు" అని మెదడు నిర్ణయించినందువల్ల. ఇప్పుడు పడుతున్న కష్టం ఎంత, దాని వల్ల వచ్చే ఫలితం ఎంత అని మెదడు తూకం వేస్తుంది. అయితే కండలు, వేడి, ఆక్సిజన్, ఇంధనం ఈ తూకంలో ఎంత పాత్ర వహిస్తాయన్న దాని మీద శాస్త్రజ్ఞుల మధ్య వాదన ఉంది. మెదడు పాత్ర ఉందన్న దాని మీద మాత్రం పెద్దగా వాదన లేదు.

ఇక్కడితో ఆపేస్తే "చూశారా, అంతా మనసులోనే ఉంది, కసి ఉంటే చాలు" అనవచ్చు. కానీ ఆ మెదడు దేన్ని చూసి తూకం వేస్తుందో కూడా తెలుసుకోవాలి.

మెదడు వేసే లెక్క

2004లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో తొమ్మిది మంది సైకిలిస్టులతో ఒక పరీక్ష జరిగింది. సుమారు గంటసేపు పట్టే పోటీలో వాళ్లకు మధ్యమధ్యలో పిండిపదార్థం కలిపిన నీళ్లు ఇచ్చి, పుక్కిలించి ఉమ్మేయమన్నారు. ఒక్క చుక్క కూడా కడుపులోకి పోలేదు. అయినా వట్టి నీళ్లు పుక్కిలించిన రోజు కంటే దాదాపు 3 శాతం తక్కువ సమయంలో పోటీ పూర్తి చేశారు. తిండి వస్తోందన్న కబురు నాలుక ద్వారా అందగానే మెదడు బిగించి పట్టుకున్న పగ్గాన్ని కొంచెం వదిలింది.

అంటే మెదడు ఇంట్లో బియ్యం డబ్బా చూసుకుంటూ వంట చేసే అమ్మ లాంటిది. నిండుగా ఉంటే ధారాళంగా వండుతుంది. అడుగు కనిపిస్తుంటే కొలిచి పోస్తుంది. ఆమెకు పిల్లల మీద ప్రేమ తక్కువని ఎవరూ అనరు.

మార్కోరా బృందం 2009లో చేసిన మరో పరీక్ష మన స్టడీ అవర్‌కు సంబంధించినది. కొందరికి 90 నిమిషాల పాటు కంప్యూటర్ ముందు ఏకాగ్రతతో చేయవలసిన పని ఇచ్చి, తరువాత సైకిల్ తొక్కించారు. మామూలు రోజు కంటే వాళ్లు 15 శాతం ముందే ఆగిపోయారు. గుండె, ఊపిరితిత్తుల పనితీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. అలసిన మనసుకు అదే శ్రమ ఎక్కువగా తోచింది, అంతే. రాత్రి పన్నెండు దాకా చదివి పొద్దున్నే ట్రయల్స్‌కు వచ్చిన పిల్లవాడు వెనకబడితే, దానికి కారణం ఇక్కడ దొరుకుతుంది.

మనసుకు శిక్షణ ఇస్తే లాభం ఉందా అంటే, ఉంది. 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తమకు తాము ధైర్యం చెప్పుకునే మాటల్ని రెండు వారాల పాటు సాధన చేసిన వాళ్లు అంతకుముందు కన్నా సుమారు 18 శాతం ఎక్కువసేపు తొక్కగలిగారు. 24 మంది పరుగుదారుల మీద చేసి 2018లో ప్రచురించిన మరో అధ్యయనంలో, నొసలు ముడిచి పరుగెత్తినప్పటి కంటే నవ్వుతూ పరుగెత్తినప్పుడు ఆక్సిజన్ ఖర్చు సుమారు 2.8 శాతం తగ్గింది. కిప్చోగే నవ్వు వెనుక ఉన్నది ఇదే. నొప్పి పెరిగినప్పుడు ఒంటిని సడలించడానికి తాను కావాలనే నవ్వుతానని ఆయన చెప్పాడు.

ఉత్సాహం వెనుక రసాయనాలు

పందెం మొదలవడానికి ముందు గుండె దడదడలాడటం, అరచేతులు చెమర్చడం అందరికీ తెలిసినవే. అది భయం ఒక్కటే కాదు. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కాలేయం గ్లూకోజ్‌ను రక్తంలోకి పంపుతుంది. శరీరం తయారవుతోందన్న మాట.

మెదడులో డోపమిన్ అనే రసాయనం "ఈ ఫలితం కోసం కష్టపడవచ్చు" అన్న నిర్ణయానికి సాయపడుతుంది. కసికి దగ్గరగా ఉండే రసాయనం ఏదైనా ఉందంటే ఇదే. ఇక చాలాసేపు పరుగెత్తాక కలిగే హాయిని ఎండార్ఫిన్ల పని అని పుస్తకాల్లో రాసేవారు. కానీ రక్తంలో తిరిగే ఎండార్ఫిన్లు మెదడులోకి సులభంగా చేరలేవు. 2021లో జర్మన్ శాస్త్రజ్ఞులు 63 మందితో చేసిన పరీక్షలో, ఎండార్ఫిన్ల పనిని మందుతో అడ్డుకున్నా పరుగు వల్ల వచ్చే హాయి తగ్గలేదు. ఎండోకన్నాబినాయిడ్లు అనే వేరే రసాయనాలు అందుకు కారణమని ఇప్పుడు ఎక్కువ మంది భావిస్తున్నారు.

గంట మోగకుండా చేస్తే

అలసట అన్నది ప్రమాద ఘంటిక. అది మోగకుండా చేస్తే బాగా పరుగెత్తవచ్చు కదా అని అనిపిస్తుంది. మార్కస్ అమాన్ బృందం 2009లో ఎనిమిది మంది సైకిలిస్టులకు నడుము దగ్గర వెన్నులో మందు ఇచ్చి, కాళ్ల కండల నుంచి మెదడుకు వెళ్లే సంకేతాలను అడ్డుకుంది. 5 కిలోమీటర్ల పోటీలో వాళ్లు మొదట ఎంతో వేగంగా వెళ్లారు. చివరకు వచ్చేసరికి కండలు మామూలు కంటే ఎక్కువగా దెబ్బతిన్నాయి. మొత్తం సమయంలో మాత్రం లాభం లేదు. దిగాక సరిగ్గా నడవడానికి కూడా కష్టపడ్డారు.

ప్రయోగశాలలో అయితే డాక్టర్లు పక్కనే ఉంటారు. బయట అలా కాదు. 1967 జూలై 13న టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పోటీలో, మండుటెండలో మోంట్ వెంటూ కొండ ఎక్కుతూ బ్రిటిష్ సైకిలిస్టు టామ్ సింప్సన్ కుప్పకూలి మరణించాడు. వయసు 29. ఆయన శరీరంలో యాంఫెటమిన్ అనే ఉత్ప్రేరకం, మద్యం ఉన్నట్టు తేలింది. కసికి లోటు లేదు. ఆపమని చెప్పే గంటే పని చేయలేదు. మరుసటి ఏడాది, 1968లో, ఒలింపిక్స్‌లో మాదకద్రవ్యాల పరీక్షలు మొదలయ్యాయి. కాబట్టి బాధను ఎంతైనా ఓర్చుకోవడమే గొప్ప అని ఎవరైనా చెబితే నమ్మకండి.

కిప్చోగే ఉండేది కూడా హాస్టల్ లాంటి చోటే

కిప్చోగే చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నాడు. తల్లి ఉపాధ్యాయురాలు. కుర్రవాడిగా ఉన్నప్పుడు పాలు సేకరించి సైకిల్ మీద తీసుకెళ్లి అమ్మేవాడు. ప్రపంచ ప్రసిద్ధి వచ్చాక కూడా శిక్షణ కోసం కప్టగాట్ అనే ఊళ్లోని క్యాంపులో మిగతా క్రీడాకారులతో కలిసి ఉంటూ వచ్చాడు. అక్కడ పనులకు వంతులుంటాయి. మరుగుదొడ్లు కడగడం కూడా అందులో ఉంది, ఆయనా కడుగుతాడు. భోజనం ఉగాలి అనే మొక్కజొన్న సంకటి, కూరగాయలు, పాలు. వేళకు నిద్ర. చదివితే మన హాస్టల్ టైం టేబుల్ లాగే అనిపిస్తుంది.

తేడా ఏమిటంటే అక్కడ ఒంటికి కావలసినవి సరిపడా అందుతాయి. ఆ క్యాంపు సముద్రమట్టానికి సుమారు 2400 మీటర్ల ఎత్తున ఉంది. గాలిలో ఆక్సిజన్ పలుచన కావడంతో మూత్రపిండాలు ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తాయి. అది ఎముకల మజ్జకు "ఎర్రకణాలు పెంచు" అని చెబుతుంది. కానీ ఎర్రకణం తయారవడానికి ఇనుము కావాలి. తిండిలో ఇనుము లేకపోతే ఎంత ఎత్తున ఉన్నా ఫలితం ఉండదు.

మన దేశంలో జరిగిన ఒక ఉదాహరణ చెప్పుకోవాలి. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌ను 55.42 సెకన్లలో ముగించి నాలుగో స్థానంలో నిలిచారు. కాంస్యం గెలిచిన అమ్మాయి సమయం 55.41. సెకనులో నూరోవంతు తేడాతో పతకం పోయింది. ఆ ఒలింపిక్ గ్రామంలో తనకు పడే పౌష్టికాహారం దొరక్క గంజి, ఊరగాయతో గడపవలసి వచ్చిందని, చివరి 35 మీటర్లలో అదే దెబ్బతీసిందని తరువాత ఆమె చెప్పారు. ఉషకు కసి లేదని అనగల వాళ్లు ఈ దేశంలో ఉన్నారా?

మన రక్తం లెక్క

ఇప్పుడు మన సంగతికి వద్దాం. రక్తంలోని హిమోగ్లోబిన్ ఒక్కో గ్రాము సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాములు ఉన్న అమ్మాయి రక్తం సుమారు 16 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. 8 గ్రాములే ఉన్న అమ్మాయి రక్తం 11 కన్నా తక్కువ మోస్తుంది. అంటే మూడోవంతు తక్కువ. ఇద్దరినీ ఒకే గీత దగ్గర నిలబెట్టి విజిల్ వేస్తే, రెండో అమ్మాయి ఎప్పుడో ఒకచోట ఆగిపోతుంది. ఆమెను "కసి లేదు" అనడం అన్యాయం.

ఇది ఎక్కడో ఒకరికి ఉన్న సమస్య కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనతతో ఉన్నారు. దేశం మొత్తం మీద 15–19 ఏళ్ల అబ్బాయిల్లోనూ నూటికి 31 మందికి ఉంది.

మా ఇళ్లలో డిగ్రీ మొహం చూసిన మొదటి వాళ్లం మేమే. మా అమ్మానాన్నల మాదిరిగానే మీ అమ్మానాన్నలు కూడా ఎండలో వంగి నాట్లు వేసి, కోతలు కోసి, బస్తాలు మోసి ఉంటారు. అది కూడా తీవ్రమైన వ్యాయామమే. దానికి పతకాలు లేవు, గ్లూకోజ్ నీళ్లు అందించే వాళ్లూ లేరు. పట్టుదల మన ఇళ్లలో ఎన్నడూ తక్కువ కాలేదు. తక్కువైంది పళ్లెంలో పప్పు, గుడ్డు, ఆకుకూర.

అందుకని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మేము చెప్పేవి కొన్ని ఉన్నాయి. వారానికి ఒకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను కిటికీలోంచి పారేయకండి. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. విరేచనం నల్లగా వస్తే భయపడనక్కర లేదు. మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగకండి, అది ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ, ఉసిరికాయ పట్టేలా చేస్తాయి. నులిపురుగుల మందు ఇచ్చే రోజు తప్పించుకోకండి. కొద్దిపాటి పనికే ఆయాసం వస్తున్నా, కళ్లు తిరుగుతున్నా వార్డెన్‌కు చెప్పి, పి.హెచ్.సి.లో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. పందెం రోజు ఖాళీ కడుపుతో పరుగెత్తకండి, రెండు మూడు గంటల ముందు తినండి. ముందు రోజు రాత్రి నిద్ర పోండి. మెస్‌లో గుడ్డు, పాలు మెనూ ప్రకారం రాకపోతే మర్యాదగా, అందరూ కలిసి అడగండి. అది దయ కాదు, మీ హక్కు.

కసి వద్దని మేము అనడం లేదు. మన లాంటి సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఆ శిఖరం మీద గాలి పీడనం సముద్రతీరంలో ఉండే దానిలో మూడోవంతే. కసి లేనిదే అక్కడికి చేరడం అసాధ్యం. అయితే వాళ్లను నేరుగా మంచు కొండ దగ్గర వదిలేసి "కసి చూపించండి" అనలేదు. భువనగిరి గుట్ట మీద నేర్పారు, డార్జిలింగ్‌లో నేర్పారు, లడఖ్ చలిలో అలవాటు చేశారు. శరీరాన్ని సిద్ధం చేసి, ఆ తరువాతే మనసును పరీక్షకు పెట్టారు.

కోటి విద్యలు కూటి కొరకే అంటారు పెద్దలు. ఆటలో మాత్రం కూడు ముందు, విద్య తరువాత. ఈ ఏడాది పోటీల్లో ఎవరైనా సగంలో ఆగిపోతే గట్టు మీద నుంచి కేక వేయకండి. దగ్గరకు వెళ్లి నీళ్లిచ్చి, "పొద్దున ఏమైనా తిన్నావా?" అని అడగండి.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ సీనియర్లు